లారీ కంపెనీలో చేరేముందు: డ్రైవర్ల ప్రశ్నలు, మా జవాబులు

దాళ్వా (రెండో పంట) ధాన్యం మిల్లులకి చేరిపోయి లోడ్లు పలచబడే రోజులివి. డ్రైవర్లు కంపెనీలు మారేది ఎక్కువగా ఇప్పుడే. అందుకే ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి అడుగుతున్నాయి: ఫలానా చోట చేరొచ్చా? కంపెనీల పేర్లు తీసేసి, నలుగురికీ పనికొచ్చే ప్రశ్నలు ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: పది టైర్ల బండి తోలుతున్నానండి. ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ నెలకి 26,000 జీతం ఇస్తాం, బత్తా లేదు అంటోంది. ఇంకో కంపెనీ జీతం 12,000, కిలోమీటరుకి 2 రూపాయల బత్తా, నెలకి 8,000 కిలోమీటర్లు తిరుగుతుంది కాబట్టి 28,000 పడుతుంది అంటోంది. రెండు చోట్లా బియ్యం లోడ్లే, ఎక్కువ కాకినాడ పోర్టుకి. ఏది మేలు?
– ఒక డ్రైవర్, మండపేట

జవాబు: 28,000 అన్న మాట పక్కనబెట్టి ముందు 8,000 కిలోమీటర్లు ఎలా వస్తాయో చూడండి. మండపేట నుంచి కాకినాడ పోర్టుకి రానుపోనూ వంద కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. తాడేపల్లిగూడెం మిల్లుల్లో ఎత్తినా రెండొందల పైచిలుకే. ట్రిప్పుకి 220 వేసుకున్నా 8,000 రావాలంటే నెలకి 36 ట్రిప్పులు పడాలి. అంటే రోజుకి ఒకటి కంటే ఎక్కువ. లోడింగు, కాటా, పోర్టు దగ్గర క్యూ, హమాలీలు దించే టైమూ కలిపితే ఒక ట్రిప్పుకి రెండు రోజులు పట్టడం మామూలే. నెలకి 15 ట్రిప్పులు పడ్డాయనుకోండి, 3,300 కిలోమీటర్లు. బత్తా 6,600, జీతం 12,000, మొత్తం 18,600. చెప్పిన 28,000 ఎక్కడ, ఇది ఎక్కడ!

రెండు కంపెనీలూ సమానమయ్యే చోటు ఎక్కడుందో తేల్చడం సులువు. జీతాల తేడా 14,000. దాన్ని 2 రూపాయలతో భాగిస్తే 7,000 కిలోమీటర్లు. నెలకి 7,000 దాటి తిరిగే లైనైతేనే రెండో కంపెనీ మేలు. చెన్నై, కలకత్తా, నాగపూర్ లాంటి దూరపు లైన్లలో అది కుదురుతుంది. పోర్టు లోడ్లలో కుదరదు.

పోర్టు క్యూ గురించి కొత్తవాళ్ళకి తెలియాల్సింది ఒకటుంది. కాకినాడ యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకి రాదు. బియ్యం బస్తాల్ని బార్జిల్లోకి ఎక్కించి సముద్రంలో ఆగున్న ఓడకి చేరుస్తారు. అలలు ఎక్కువైతే బార్జి కదలదు. చినుకు పడితే బియ్యం ఎక్కించరు. బార్జి ఆగితే గోడౌను నిండుతుంది, గోడౌను నిండితే మీ బండి రోడ్డు మీద ఆగుతుంది. ఆ ఆగిన రోజులకి కిలోమీటరు బత్తా సున్నా. కానీ తిండి మీ జేబులోదే. అందుకని రెండో కంపెనీ వాళ్ళని అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఇది: ఎన్ని గంటలు ఆగితే హాల్టింగు (ఆగినందుకు ఇచ్చే డబ్బు) మొదలవుతుంది, రోజుకి ఎంత ఇస్తారు? పార్టీ (సరుకు పంపేవాళ్ళ) దగ్గర హాల్టింగు వసూలు చేసుకుని డ్రైవర్‌కి పైసా విదల్చని ఆఫీసులు ఉన్నాయి. "పార్టీ ఇస్తే ఇస్తాం" అనే జవాబుని "ఇవ్వం" అనే అర్థం చేసుకోండి.

సార్వా (మొదటి పంట) బియ్యం డిసెంబరు నుంచి, దాళ్వా బియ్యం ఏప్రిల్, మే నుంచి జోరుగా కదులుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో బళ్ళు స్టాండులో నిలబడతాయి. కంపెనీ గుమస్తా మీకు చూపించేది జనవరి ట్రిప్ షీటే అవుతుంది. మీరు ఆగస్టుది అడగండి. ఆఫీసులో కాదు, స్టాండులో ఆ కంపెనీ బండి పక్కన కూర్చున్న డ్రైవర్‌ని అడగండి. ఆయన ఎన్నేళ్ళ నుంచి అక్కడ చేస్తున్నాడో, కిందటి నెల చేతికి ఎంత వచ్చిందో. పది బళ్ళున్న కంపెనీలో ఏడాది దాటిన డ్రైవర్ ఒక్కడూ లేకపోతే ఇంక వేరే ఆరా అక్కర్లేదు.

జీతం స్లిప్పు సంగతి కూడా చూడాలి. 20 మంది, ఆపైన పనిచేసే చోట పి.ఎఫ్. ఉండాలి. మీ మూల జీతంలో 12 శాతం మీది, 12 శాతం యజమానిది. 12,000 మీద అది 1,440 చొప్పున. 10 మంది, ఆపైన ఉంటే ఈ.ఎస్.ఐ. వర్తిస్తుంది, నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకి. మీ వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. 26,000 మొత్తాన్ని జీతంగా చూపిస్తే ఈ.ఎస్.ఐ. పరిధి దాటిపోతారు. అప్పుడు ఇంట్లోవాళ్ళ వైద్యం ఖర్చు మీ మీదే పడుతుంది కాబట్టి వేరే ఆరోగ్య బీమా ఉందా అని అడగండి. "పి.ఎఫ్. కోస్తున్నాం" అంటే నమ్మి ఊరుకోకండి. మీ పి.ఎఫ్. నంబరు (యూ.ఏ.ఎన్.) తీసుకుని రెండో నెలలోనే ఫోన్‌లో పాస్‌బుక్ తెరవండి. మీ జీతంలో కోసి అక్కడ జమ చెయ్యని వాళ్ళు దొరికిపోయేది అక్కడే.

చేరేముందు ఇంకో పది నిమిషాల పని. కంపెనీ యార్డులో ఉన్న ఓ ఐదు బళ్ళ నంబర్లు రాసుకుని ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్సు, పొల్యూషన్ గడువులు కనిపిస్తాయి. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఎఫ్.సి. ఏటేటా చేయించాలి, అంతకు లోపైతే రెండేళ్ళకోసారి. ఐదింటిలో రెండింటికి కాగితాలు చచ్చి ఉంటే ఆ కంపెనీకి దండం పెట్టి వచ్చేయండి. ఇన్సూరెన్సు లేని బండితో ప్రమాదమైతే స్టీరింగు మీద ఉన్నవాడే ముందు ఇరుక్కుంటాడు. మీకు ఇవ్వబోయే బండి మీద పాత ఈ-చలాన్లు ఎన్ని ఉన్నాయో కూడా అప్పుడే చూసి, చేరిన తేదీతో సహా ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత అవి మీ ఖాతాలో రాయకుండా ఉంటారు.

నియామక పత్రం అడగడానికి మొహమాటపడొద్దు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం పనివాడికి నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. జీతం, బత్తా, హాల్టింగు, డీజిల్ తేడా, నష్టం ఎవరు భరించాలి అనే ఐదు సంగతులూ కాగితం మీద ఉంటే సగం గొడవలు పుట్టనే పుట్టవు.

ప్రశ్న: ఆకివీడు నుంచి హౌరాకి చేపల లోడు. ఒక్కడే డ్రైవర్, 36 గంటల్లో చేర్చాలి, ఆలస్యమైతే కటింగు. జీతం మాత్రం బాగా ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక డ్రైవర్, ఉండి

జవాబు: ఒప్పుకోకండి. ఎంత ఇస్తామన్నా ఒప్పుకోకండి.

ఆకివీడు నుంచి హౌరా 1,100 కిలోమీటర్లకి పైమాటే. లోడు బండి టోలుగేట్లు, టీలు, చెక్‌పోస్టులు అన్నీ కలిపి గంటకి సగటున 40 లాగుతుంది. అంటే స్టీరింగు మీదే 27, 28 గంటలు. 36లో మిగిలిన ఎనిమిది గంటల్లోనే తినాలి, స్నానం చెయ్యాలి, టైరు పంచరైతే మార్చాలి, నిద్రపోవాలి. రెండు రాత్రుల్లో కలిపి మూడు నాలుగు గంటలు కూడా కన్ను మూయలేరు. చట్టం పెట్టిన పని రోజుకి 8 గంటలు, వారానికి 48. ఐదు గంటలు వరసగా నడిపితే కనీసం అరగంట విశ్రాంతి అన్నది 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం నుంచీ ఉన్న నియమం. ఆ లెక్కన ఒక్క డ్రైవర్‌తో హౌరా మూడున్నర రోజుల పని. ఐసులో ఉన్న చేప అన్నాళ్ళు ఆగదు కాబట్టి ఈ లైనుకి ఇద్దరు డ్రైవర్లు ఉండి తీరాలి. క్లీనర్‌ని రెండో డ్రైవర్ కింద లెక్క చెబితే అతని లైసెన్సు చూపించమనండి.

ఇద్దరుంటే నాలుగేసి గంటలకి మారండి.  తెల్లవారుజామున 2 నుంచి 5 వరకు నిద్ర దానంతట అదే ముంచుకొస్తుంది, ఆ టైములో స్టీరింగు పట్టేవాడు సాయంత్రం పడుకుని లేచినవాడై ఉండాలి. కళ్ళు మూతపడుతుంటే టీ తాగి లాగొద్దు. పక్కకి తీసి ఇరవై నిమిషాలు పడుకోండి. మొత్తం ఆలస్యం ఆ ఇరవై నిమిషాలే. రెప్ప పడిన మూడు సెకన్లలో 60 మీద వెళ్ళే బండి యాభై మీటర్లు మనిషి లేకుండా వెళ్తుంది.

ఇంత తొందర ఎందుకంటే హౌరా హోల్‌సేల్ మార్కెట్లో వేలం తెల్లవారుజామునే అవుతుంది. అది తప్పితే ఆ రోజు ధర పోతుంది. ఆ నష్టాన్ని ఓనరు డ్రైవర్ మీదకి తోస్తాడు. కానీ ఆలస్యానికి సగం కారణాలు బండి కదలకముందే పుడతాయి. చెరువు దగ్గర చేపలు పట్టడం ఆలస్యమవుతుంది. చెరువు గట్టు మీదకి పెద్ద లారీ రాదు కాబట్టి శీలావతి, బొచ్చె చిన్న బళ్ళలో ప్యాకింగు షెడ్డుకి చేరాలి, అక్కడ తూకం, ఐసు, పెట్టెలు. సాయంత్రం నాలుక్కి బయల్దేరాల్సిన బండి రాత్రి తొమ్మిదింటికి బయల్దేరితే ఆ ఐదు గంటలూ మీ 36లో కలపకూడదు. షెడ్డు గుమస్తా చేత బయల్దేరిన టైము ట్రిప్ షీటు మీద రాయించి సంతకం పెట్టించుకోండి. దాని ఫొటో వెంటనే ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. కటింగు మాట వచ్చినప్పుడు మీ దగ్గరుండే సాక్ష్యం అదొక్కటే.

ఐసు దగ్గర కూడా కన్నేసి ఉంచండి. వేసవిలో చేపకి సమానమైన బరువు ఐసు పడాలి. పెట్టె అడుగున ఒక పొర, చేపల మధ్య, పైన మందంగా ఇంకో పొర. పెట్టెలో చేప ఎక్కువ పట్టాలని ఐసు తగ్గించే వాళ్ళుంటారు. అది ఖుర్దా దగ్గరికి వచ్చేసరికి నీళ్ళై కారిపోతుంది. చేప మెత్తబడిందంటే తప్పు డ్రైవర్‌ది అంటారు. తక్కువ వేశారనిపిస్తే ఎక్కించేటప్పుడే పెట్టె తెరిచి ఉండగా ఫొటో తీయండి. కరిగిన నీళ్ళలో చేపల ఉప్పు, జిడ్డు ఉంటాయి. అవి కమాన్ (స్ప్రింగు) పట్టీలు, బ్రేకు పైపులు, వైరింగు మీద పడి తినేస్తాయి. అందుకే ఈ లైను బళ్ళకి దించిన వెంటనే కింద భాగమంతా మంచినీళ్ళతో కడగాలి. కంపెనీ బండి కింద ఒకసారి వంగి చూడండి. కమాన్ పట్టీలు పొరలు పొరలుగా తుప్పు లేచి ఉంటే, యూ-బోల్టుల దగ్గర ఎర్రటి గీతలు కారి ఉంటే, వాళ్ళు కడగరని, మరమ్మతు కూడా చెయ్యరని అర్థం.

తిరుగు లోడు కోసం అక్కడ రెండేసి రోజులు ఆగాల్సి రావచ్చు. ఆ రోజులకి బత్తా ఉందా, ఖాళీ పెట్టెలతో తిరిగొస్తే బత్తా సగమా పూర్తా అన్నది ముందే అడగండి. చేపల లైనులో డ్రైవర్ నష్టపోయేది ఎక్కువగా తిరుగు ప్రయాణంలోనే.

ప్రశ్న: కంపెనీ లీటరుకి 4.5 కిలోమీటర్ల మైలేజి అడుగుతోంది. నాకు 4.1 మించి రావడం లేదు. తేడా డీజిల్ నా జీతంలో కోస్తున్నారు. బండి బి.ఎస్.-6 (కొత్త పొగ నిబంధనలది). నా తోలుడులో తప్పుందా?
– ఒక డ్రైవర్, తణుకు

జవాబు: వెయ్యి కిలోమీటర్లకి 4.5 చొప్పున 222 లీటర్లు, 4.1 చొప్పున 244 లీటర్లు. 22 లీటర్ల తేడా. లీటరు 97 రూపాయల లెక్కన రెండు వేల పైన. నెలకి ఐదు వేల కిలోమీటర్లు తిరిగితే పది వేలు దాటి మీ జేబులోంచి పోతోంది. చిన్న సంగతి కాదు. కాబట్టి తప్పు మీదో బండిదో తేల్చాలి.

ముందు కొలత సరిచేసుకోండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండి సమతలంగా నిలిపి ట్యాంకు గొంతు దాకా నింపి మీటరు రాసుకోండి. ట్రిప్పు తిరిగొచ్చి అదే పంపు దగ్గర మళ్ళీ గొంతు దాకా నింపండి. రెండోసారి పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లని భాగించండి. డీజిల్ కార్డు మీద "ఇన్ని లీటర్లు కొట్టించాం" అనే లెక్క ట్యాంకులో మిగిలిన డీజిల్‌ని చూడదు. మూడు ట్రిప్పులు ఇలా కొలిచాక మాట్లాడండి.

బి.ఎస్.-6 బండికి డెల్టా పనిలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. సైలెన్సర్‌లో ఉండే డి.పి.ఎఫ్. అనే ఫిల్టర్ మసిని పట్టి ఉంచి, వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. హైవే మీద గంటల తరబడి లాగే బండిలో ఆ వేడి దానంతట అదే వస్తుంది. మిల్లు నుంచి గోడౌనుకి, గోడౌను నుంచి పోర్టుకి పాతిక ముప్పై కిలోమీటర్లు వెళ్ళి క్యూలో ఇంజను ఆన్‌లో పెట్టుకుని నిలబడే బండిలో రాదు. మసి నిండి లైటు వెలుగుతుంది. అప్పుడు బండి ఆపి స్విచ్ నొక్కి కాల్చాల్సి వస్తుంది. అరగంట దాకా ఇంజను ఎక్కువ ఆర్.పి.ఎమ్. మీద తిరుగుతూ డీజిల్ తాగుతుంది, మీటరు మాత్రం ఒక్క కిలోమీటరూ కదలదు. మీది అలాంటి పనే అయితే హైవే బండికీ మీ బండికీ ఒకే మైలేజి పెట్టడం న్యాయం కాదు. ఆ మసి కాల్చమనే లైటు (రీజెన్) వచ్చిన ప్రతిసారీ తేదీ, మీటరు రాసి ఫొటో తీయండి. నెలకి నాలుగైదుసార్లు కనిపిస్తే ఆ కాగితం చూపించి టార్గెట్ తగ్గించమని అడగండి.

మీవైపు చూసుకోవాల్సినవి: టైర్ల గాలి ప్రతి సోమవారం చల్లగా ఉన్నప్పుడు కొట్టించడం, ఎయిర్ ఫిల్టర్, వెనక చక్రాల్లో ఏదైనా ఒకటి ఎక్కువ వేడెక్కుతోందా అన్నది. ముప్పై కిలోమీటర్లు తోలి ఆపి, డ్రమ్ముల దగ్గర అరచెయ్యి తగలకుండా దగ్గర పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఒకటి మాత్రమే మండుతుంటే బ్రేకు పట్టేస్తోంది, స్లాక్ అడ్జస్టర్ చూపించాలి. ఆడ్‌బ్లూ (పొగని శుభ్రం చేసే ద్రవం) డబ్బాల్లో నీళ్ళు కలపడం, యూరియా కరిగించి పోయడం చెయ్యొద్దు. అందులో యూరియా కచ్చితంగా 32.5 శాతం, మిగతాది శుద్ధి చేసిన నీరు. తేడా వస్తే బండి పికప్ పడిపోతుంది, కెటలిస్టు పాడైతే ఖర్చు లక్షల్లోకి పోతుంది.

ఇక జీతంలో కోత. నష్టం పేరుతో కొయ్యాలంటే అది మీ నిర్లక్ష్యం వల్లే జరిగిందని చూపించి, మీ సంజాయిషీ విన్నాకే కొయ్యాలి. అన్ని కోతలూ కలిపినా ఆ నెల జీతంలో సగం మించకూడదు.

ప్రశ్న: మా ఆయన చేరినప్పుడు ఓనరుగారు ఒరిజినల్ లైసెన్సు తీసుకుని బీరువాలో పెట్టారు. 40,000 అడ్వాన్సు ఇచ్చారు. ఇప్పుడు మానేస్తానంటే అడ్వాన్సు మొత్తం ఒకేసారి కడితేనే లైసెన్సు ఇస్తామంటున్నారు.
– ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: అమ్మా, లైసెన్సు ఓనరుగారి దగ్గర తాకట్టు పెట్టే వస్తువు కాదు. దాన్ని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసు, రవాణా శాఖ అధికారులకే ఉంది, వాళ్ళయినా రసీదు ఇవ్వాలి. అడ్వాన్సు అప్పే, తీర్చాల్సిందే. కానీ అప్పు చూపించి మనిషిని పని మానెయ్యనివ్వకుండా కట్టిపడెయ్యడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. ఈ మాట ఓనరుగారికి ఒక ఉత్తరంలో మర్యాదగానే రాయండి: లైసెన్సు ఫలానా రోజున తీసుకున్నారు, వారంలో తిరిగి ఇవ్వండి, బాకీ నెలకి ఇంత చొప్పున తీరుస్తాం. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కదలిక లేకపోతే ఆ రసీదు పట్టుకుని మీ పరిధిలోని అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి, పోలీస్ స్టేషనుకి వెళ్ళండి. లైసెన్సు పోయిందని అబద్ధం రాసి డూప్లికేట్ తీసుకోవద్దు. అది మీకే చుట్టుకుంటుంది. ఈలోగా డిజిలాకర్‌లో ఉన్న లైసెన్సు రోడ్డు మీద తనిఖీకి చెల్లుతుంది.

పని మానేసినవాళ్ళకి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఆ మొత్తంలోంచి అడ్వాన్సు సర్దుబాటుకి మీరు ఒప్పుకుంటే ఎంత సర్దారో రాయించుకోండి.

ఇంకో మాట. ఆయన పేరున ఈ-శ్రమ్ కార్డు, బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా ఉన్నాయో లేదో చూడండి. ప్రమాదంలో మరణిస్తే, లేదా శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే ఆ 20 రూపాయల బీమాలో 2 లక్షలు వస్తాయి. కంపెనీ ఏది చేసినా చెయ్యకపోయినా ఇవి మన చేతిలో ఉన్నవి.

ప్రశ్న: మిల్లు వాళ్ళు ఎక్కువ టన్నులు వేస్తారు, ఓనరు ఊరుకుంటాడు, ఫైన్ పడితే "నువ్వు కాటా చూసుకోవాలి కదా" అంటాడు. ఏం చెయ్యాలి?
– ఒక డ్రైవర్, తాడేపల్లిగూడెం

జవాబు: కాటా చీటీ చేతికి రాకుండా మిల్లు గేటు దాటకండి. ఆర్.సి.లో రాసిన మొత్తం బరువు ఎంతో బండి ఎక్కిన మొదటి రోజే గుర్తుపెట్టుకోండి. పది టైర్ల బళ్ళకి సాధారణంగా 28 టన్నుల చుట్టూ ఉంటుంది. బండి ఖాళీ బరువు తీసేస్తే వెయ్యాల్సింది తేలిపోతుంది. 50 కిలోల బస్తాలు టన్నుకి ఇరవై కాబట్టి ఎన్ని బస్తాలు ఎక్కువయ్యాయో వేళ్ళ మీద లెక్కే.

చట్టంలో ఎక్కువ లోడుకి జరిమానా 20,000. ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. మూడు టన్నులు ఎక్కువైతే 26,000, పైగా ఎక్కువ సరుకు దించేదాకా బండి కదలనివ్వరు, ఆ ఖర్చూ మనదే. కాటాకి ఆపమంటే ఆపకుండా వెళ్తే 40,000. బండి నడిపినవాడితో పాటు నడిపించినవాడూ బాధ్యుడే అని చట్టం చెబుతోంది. అందుకని ఎక్కువ వేసినప్పుడు ఫోన్‌లో నోటి మాటగా చెప్పి ఊరుకోవద్దు. కాటా చీటీ ఫొటో పెట్టి "ఇంత ఎక్కువ ఉంది, ఏం చెయ్యమంటారు" అని మెసేజి పెట్టండి. "వచ్చెయ్" అని జవాబొస్తే ఫైన్ ఎవరిదో అక్కడే తేలిపోయింది.

డబ్బు కంటే ముఖ్యమైనది రోడ్డు. కోనసీమలో, కాలవగట్ల మీద తారు అంచు దాటితే మెత్తటి మట్టి. వానాకాలంలో ఎదురుగా బస్సు వచ్చి మీరు ఎడమకి దిగారంటే ఓవర్‌లోడు బండి ఎడమ చక్రాలు కూరుకుపోయి కాలవలోకి ఒరుగుతుంది. అలాంటి చోట మీరే వెడల్పున్న చోట ముందుగా ఆగి ఎదుటి బండిని వెళ్ళనివ్వండి.

ప్రశ్న: ప్రమాదం జరిగితే బండి వదిలేసి వచ్చెయ్యమని మా కంపెనీ చెబుతోంది. పదేళ్ళ జైలు అంటున్నారు కూడా. నిజమేనా?
– ఒక డ్రైవర్, రావులపాలెం

జవాబు: 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేసింది ఈ పదేళ్ళ శిక్ష మీదే. అది భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ రెండో భాగం. సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చినప్పుడు ఆ భాగాన్ని పక్కన ఉంచారు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే మొదటి భాగం కింద ఐదేళ్ళ దాకా శిక్ష ఉంది.

పారిపోవడం మాత్రం ఎప్పుడూ మంచిది కాదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి. జనం కొట్టే ప్రమాదం ఉంటే అక్కడ నిలబడాలని చట్టం కూడా అనలేదు. బండి దిగి నేరుగా దగ్గరి పోలీస్ స్టేషనుకి వెళ్ళి చెప్పండి, ఏమైనా 24 గంటలు దాటకూడదు. వెళ్తూనే 108కి, హైవే మీదైతే 1033కి ఫోన్ చెయ్యండి. ఆ కాల్ రికార్డు రేపు కోర్టులో మీకు పనికొస్తుంది. "వదిలేసి వచ్చెయ్" అన్న కంపెనీని ఒకటే అడగండి: బెయిలు, లాయరు ఖర్చు ఎవరిది? ఆ రోజుల జీతం ఇస్తారా?

మీ లైసెన్సు గడువు కూడా చూసుకోండి. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఐదేళ్ళు. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. తీరాక ఏడాది దాటితే మళ్ళీ డ్రైవింగ్ టెస్టుకి వెళ్ళాలి. గడువు తీరిన లైసెన్సుతో ప్రమాదమైతే ఇన్సూరెన్సు కంపెనీ మెలిక పెడుతుంది.

ప్రశ్న: పెట్రోలు ట్యాంకరుకి మారితే జీతం బాగుంటుందంటున్నారు. ఏం కావాలి?
– ఒక డ్రైవర్, రాజోలు

జవాబు: హెవీ లైసెన్సు మీద ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంటు కావాలి. గుర్తింపు ఉన్న సంస్థలో మూడు రోజుల శిక్షణ తీసుకుని ఆ సర్టిఫికెట్‌తో ఆర్.టి.ఓ. ఆఫీసులో దరఖాస్తు చెయ్యాలి. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. ఆ లైసెన్సు మూడేళ్ళే. క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు (ప్రమాదమైతే ఏం చెయ్యాలో రాసి ఉండేది) ఎక్కడుందో, వెనక ప్యానెల్ మీద నంబరు ఏమిటో తెలియాలి. పెట్రోలుకి 1203, డీజిల్‌కి 1202, గ్యాసుకి 1075.

పని తిరుగుడు తక్కువ, జాగ్రత్త ఎక్కువ. దించేముందు ఎర్త్ క్లిప్ తగిలించడమే మొదటి పని, గొట్టం కాదు. ప్రయాణంలో పుట్టిన స్థిర విద్యుత్తు నేలకి దిగిపోవాలి. కాసేపు బండి కదలకుండా ఉంచి, డిప్ (ట్యాంకులో సరుకు మట్టం) కొలిచి బంకు వాళ్ళ చేత సంతకం పెట్టించుకున్నాకే వాల్వు తెరవాలి. షార్టేజీ గొడవలన్నీ ఆ సంతకం దగ్గరే తెగుతాయి. షార్టేజీ డ్రైవర్ జీతంలో కోస్తారా, ఎంత వరకు సహిస్తారు అన్నది చేరేముందే అడగండి.

ప్రశ్న: కొత్త లారీలన్నిటికీ ఏ.సి. తప్పనిసరి అన్నారు, మా కంపెనీ బండికి లేదే?
– ఒక డ్రైవర్, అమలాపురం

జవాబు: 2025 అక్టోబరు 1 నుంచి తయారైన లారీలకే ఆ నియమం. పాతవాటికి పెట్టించాలని లేదు. ఏ.సి. బండి ఇస్తే మాత్రం క్యూలో ఏ.సి. వేసుకునే డీజిల్ మైలేజి లెక్కలో కలుపుతారా అని అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మూడేళ్ళుగా క్లీనర్‌గా ఉన్నాను. వయసు 19. కారు లైసెన్సు ఈ మధ్యే వచ్చింది. హెవీ ఎప్పుడు తీసుకోవచ్చు? ఈలోగా ఏ బండి తోలొచ్చు?
– ఒక క్లీనర్, కడియం

జవాబు: తమ్ముడూ, హెవీకి ఇరవై ఏళ్ళు నిండాలి, కారు లైసెన్సు వచ్చి ఏడాది కావాలి. ఆ రెండూ కుదిరాక ఎల్.ఎల్.ఆర్. తీసుకుని, డ్రైవింగ్ స్కూల్లో 30 రోజుల్లో కనీసం 15 గంటలు హెవీ బండి మీద నేర్చుకుని, ఆ సర్టిఫికెట్, డాక్టరు ఇచ్చే ఫారం 1-ఎ పెట్టి టెస్టుకి వెళ్ళాలి. ఎనిమిదో తరగతి పాసు అన్న నిబంధన 2019 సవరణతో పోయింది.

ఇరవై నిండేదాకా ఏ సరుకు బండీ తోలకూడదు. నిండాక మాత్రం, హెవీ రాకముందే, మీ కారు లైసెన్సుతోనే మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు బండి తోలొచ్చు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. మీ ఊళ్ళో నర్సరీ మొక్కలు ఎత్తే పికప్‌లు, చిన్న బళ్ళు చాలా వరకు ఆ లోపే ఉంటాయి. ఆర్.సి.లో అంకె చూసుకుని ఎక్కండి. పెద్ద లారీ స్టీరింగు మాత్రం, ఓనరు పక్కనే కూర్చుని "ఖాళీ రోడ్డేగా, పట్టు" అన్నా, ఎల్.ఎల్.ఆర్. లేకుండా ముట్టుకోవద్దు.

ఈ ఏడాదిలో నేర్చుకోవాల్సింది చాలా ఉంది: గాలి ట్యాంకులో నీళ్ళు రోజూ వదలడం, ఇంజను ఆపి బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు గేజ్ ముల్లు కంటికి కనిపించేలా దిగుతోందా అని చూడడం, బరకం మీద మోకు బిగించడం, వెనక చక్రాల జంట మధ్య ఇరుక్కున్న రాయి తీయడం. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2322 అంటే 2022లో 23వ వారం. బండి ఎక్కిన ప్రతి ఊళ్ళో అన్ని టైర్లవీ చదివి నోటుబుక్‌లో రాసుకోండి.